పై వైపు

ఆదివారం ఉదయం పటమటలో రత్తయ్య వాళ్ళ మేడ మీద నీళ్ళ ఫిల్టరు బిగించడానికి ప్లంబరు ఇశ్రాయేలు వచ్చాడు. పని అతనిదే అయినా పెత్తనం మాత్రం రత్తయ్యది. ఆయన ముప్ఫై ఏళ్ళు చల్లపల్లి కాలవల మీద లస్కరుగా చేసి, లాకుల తలుపులు ఎత్తుతూ దించుతూ రిటైరైన మనిషి. నీళ్ళున్న చోట ఆయన నోరు ఊరుకోదు. ఏ వైపు ఎలా బిగించాలో తెలియడానికని ఫిల్టరు మీద మార్కరు పెన్నుతో ‘పై’ అని ముత్యంలా రాసిచ్చాడు. ఇశ్రాయేలు ఆ అక్షరం ఆకాశాన్ని చూసేలా బిగించి నీళ్ళు వదిలాడు. అతుకుల్లోంచి నీళ్ళు బుస్సున చిమ్మి అతని చొక్కా అంతా తడిసింది.

పై అంటే మీదకని అనుకున్నానండీ అన్నాడు ఇశ్రాయేలు, చొక్కా పిండుకుంటూ.

“పై అంటే నీళ్ళొచ్చే వైపయ్యా. కాలవకి పై వైపు, కింది వైపు ఉండవా ఏంటి?” అన్నాడు రత్తయ్య.

ఇశ్రాయేలు నవ్వాడు. ఇద్దరికీ కాఫీ తెచ్చిన రత్తయ్య కూతురు జ్యోతిర్మయి కూడా నవ్వబోయి ఆగిపోయింది. కాఫీ గ్లాసులు పిట్టగోడ మీద పెట్టి కిందికి దిగిపోయింది.

జ్యోతిర్మయిది రాళ్ళ చదువు. దక్కను నల్లరాతి నేల మీద వేల ఏళ్ళ కిందట ఉల్క పడి తవ్విన గొయ్యి ఒకటుంది. దాని అడుగున చెరువు, చుట్టూ ఎండిపోయిన పాత చెరువు మట్టి. గట్టు మీది నల్లరాతి నుంచి కొట్టుకొచ్చిన ఇనుప నలుసులు ఆ మట్టిలో దిగేటప్పుడు దిక్సూచి ముల్లులా ఉత్తరానికి తిరిగి, అలాగే గట్టిపడిపోయాయి. ఆ నలుసులు ఎటు చూస్తున్నాయో కొలిస్తే ఆనాడు భూమి అయస్కాంతం ఎటు ఉండేదో తెలుస్తుంది. ఐదేళ్ళుగా ఆమె చేస్తున్నది ఆ పనే.

రెండేళ్ళ కిందట మట్టి తేవడానికి వెళ్ళబోతుంటే, తోడు రావలసిన స్నేహితురాలికి టైఫాయిడ్ వచ్చింది. నేనొస్తా పదమన్నాడు రత్తయ్య. గోతిలోకి దిగే వాగు ఒకటి ఆ మట్టిని గోడలా కోసేసింది. ఆమె ఆ గోడలో అడుగు నుంచి మొదలుపెట్టి అంగుళం పాటి చదరపు డబ్బీలు వరసగా గుచ్చుకుంటూ పోయేది. డబ్బీ ఊడదీసే ముందు దాని అంకె వేసి, పై వైపున ‘పై’ అని రాయడం రత్తయ్య పని. పై వైపంటే ఏమిటో ఆమె చెప్పలేదు. అది కూడా చెప్పాలని ఎవరికి తోస్తుంది?

మొత్తం తొంభై నాలుగు డబ్బీలు. మొదటి ముప్ఫై ఒకటిలో నలుసులు పక్కకు ఒరిగి ఉన్నాయి, మిగతావన్నీ బుద్ధిగా ఉన్నాయి. అడుగు మట్టి పేరుకున్న కాలంలో భూమి అయస్కాంతం దారి తప్పిందని ఆమె వ్యాసం రాసింది. పరీక్షకులు నమ్మకపోతే, తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళన్నట్టు ఏడాది పాటు వాదించి నెగ్గింది. మొన్న మంగళవారమే అచ్చుకు ఒప్పుకున్నామని జవాబొచ్చింది. దాని మీదే ఆమె డాక్టరేటు, దాని మీదే రాబోయే ఉద్యోగం.

రత్తయ్య ‘పై’ అని డబ్బీకి వాగు ఎగువ వైపునున్న ముఖం మీద రాసి ఉంటే, దారి తప్పింది భూమి కాదు. మరి తొంభై నాలుగూ ఎందుకు తప్పలేదు? మధ్యలో ఎక్కడో ఆయన దిద్దుకున్నాడు. దిద్దుకుని చెప్పలేదు.

భోజనాల దగ్గర అడిగింది. రత్తయ్య కలుపుతున్న ముద్ద కలుపుతున్నట్టే వదిలేశాడు.

“నువ్వోసారి పుస్తకంలో డబ్బీ బొమ్మేసి, బాణం ఆకాశానికి పెట్టావు. అప్పుడు తెలిసిందమ్మా. అంతకు ముందు రాత్రేగా మీ సారుతో ఫోన్లో, మా నాన్నుంటే నాకు దిగుల్లేదన్నావు. ఇంక నోరు రాలేదు.”

జ్యోతిర్మయికి పట్టరాని కోపం వచ్చింది. ఆ కోపం ఎవరి మీదో తేల్చుకోలేక ఇంకా మండిపోయింది. ఏ డబ్బీ దగ్గర మార్చావని అడిగింది. ఆయన తెల్లమొహం వేశాడు.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. చదువు చెప్పే అలవాటు కొద్దీ ఆమె వివరించింది. ముప్ఫై ఒకటో డబ్బీ దాకా తప్పు రాసి ఉంటే కనిపెట్టిందంతా బూటకం. అంతకు ముందే మార్చి ఉంటే, మార్చిన దగ్గర నుంచి ముప్ఫై ఒకటి దాకా ఉన్నవి నిజంగానే ఒరిగినట్టు. వ్యాసం చిన్నదైనా బతుకుతుంది. అది ఎంత సన్నని ఆశో ఆమెకు తెలుసు. అయినా చెబుతున్న కొద్దీ గొంతులో ఆ ఆశ వినబడింది.

రత్తయ్య ఎడమ చేతి వేళ్ళు లెక్కపెట్టుకున్నాడు.

“ఇరవై రెండమ్మా.”

ఆమె నోటుపుస్తకం దగ్గరకు లాక్కుని, గట్టిగా గుర్తుందా అని అడిగింది. ఆయన ఆమె మొహంలోకి చూశాడు.

“పద్దెనిమిదేమో. ఆ, పద్దెనిమిదే.”

నలుగురిలో మాట పడినా, మెమో ఇచ్చినా, కాలవలో నీటిమట్టం ఒక్క అంగుళం తేడాగా రాయనని భీష్మించిన మనిషి ఆయన. ఆ సంగతి చల్లపల్లిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. జ్యోతిర్మయి పెన్ను మూసేసింది. తెలియకపోతే తెలియదని చెప్పు నాన్నా, అంది మెల్లగా.

“నీకెంత కావాలో చెప్పమ్మా. అంతే అంటాను. ఎవరడిగినా అంతే అంటాను.”

ఆమె చేయి కడుక్కొచ్చి, ఆయన ఎదురుగానే కూర్చుని, వ్యాసం వెనక్కి తీసుకుంటున్నానని పత్రికకు ఫోన్లోనే ఉత్తరం రాసింది. తప్పు ఎవరిదన్న చోట తన పేరు రాసుకుంది. పంపాక తలెత్తి చూస్తే, రత్తయ్య ఎండిపోయిన ఎంగిలి చేత్తో ఇంకా ఆమె మొహం వంకే చూస్తున్నాడు.

“పోనీ, పది అంటే సరిపోతుందా అమ్మా?” అన్నాడు.