ఎమిల్ తాత నింపిన ఫారం

ఫారంలో ఉన్నవి మూడే ప్రశ్నలు. పిల్ల మొదట నేర్చుకున్న భాష ఏది? ఇప్పుడు ఎక్కువగా మాట్లాడే భాష ఏది? ఇంట్లో పెద్దవాళ్ళు మాట్లాడే భాష ఏది? నెబ్రాస్కాలోని ఆ ఊళ్ళో పిల్లల్ని బడిలో చేర్చడానికి వచ్చినవాళ్ళంతా మూడుచోట్లా ఇంగ్లీషు అని గిలికిపారేసి టీకాల కాగితం వెతుక్కుంటారు. ఎమిల్ కొవార్జ్ మాత్రం కళ్ళద్దాలు తుడుచుకుని మరీ చదివాడు. కూతురు ట్రిష్ ఆసుపత్రి డ్యూటీలో ఉండటంతో మనవరాలు హ్యాటీని ఒకటో తరగతిలో చేర్చడానికి ఆయనే వచ్చాడు. ఎనభై ఏళ్ళొచ్చినా ప్రభుత్వానికి ఒక్క అబద్ధం రాసిచ్చి ఎరగడు. ఆవుల్ని తిట్టేటప్పుడూ భోజనం ముందు దండం పెట్టుకునేటప్పుడూ తన నోట వచ్చేది చెక్ భాషే కదా అని, మూడో గడిలో గుండ్రంగా "చెక్" అని రాశాడు.

ఆ ఒక్క మాటతో వెర్నా సెడ్లాక్ నెత్తిన పిడుగు పడింది.

ఆ బడి పరిధి మొత్తానికి ఉన్నది నూట ముప్పై మంది పిల్లలు. వాళ్ళ విషయంలో ఫెడరల్ చట్టం ఏమేం అడుగుతుందో చూసుకునేది వెర్నా ఒక్కతే. మధ్యాహ్నం భోజనాల పట్టికా, బస్సుల వేళలూ కూడా ఆవిడ నెత్తి మీదే. మూడు గడుల్లో ఎక్కడైనా ఇంగ్లీషు కాని మాట కనిపిస్తే నెల తిరిగేలోపు ఆ పిల్లకు ఇంగ్లీషు వచ్చో రాదో పరీక్ష పెట్టి తీరాలి. "ఈ పిల్లకు ఇంగ్లీషు తప్ప ఇంకో ముక్క రాదు, వాళ్ళమ్మను డైపర్ల నాటి నుంచీ ఎరుగుదును" అని రాయడానికి ఎక్కడా చోటు లేదు.

పరీక్ష పెట్టారు. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి కంప్యూటర్ ముందు కూర్చోబెడితే, బొమ్మలో అబ్బాయి ఏం చేస్తున్నాడో చెప్పమని అందులోంచి ఓ గొంతు అడిగింది. హ్యాటీ కొత్తవాళ్ళ ముందు నోరు విప్పే రకం కాదు. పళ్ళ డాక్టరుతో మాట్లాడదు, చర్చి ఫాదరుతో మాట్లాడదు, తన తరగతిలోని తొమ్మిది మందితోనూ మాట్లాడదు. ముఖం లేని గొంతుతో మాట్లాడుతుందా? మూడో తరగతి పుస్తకాలు గడగడా చదివే పిల్లకు మాట్లాడటంలో సున్నా వేసి, ఇంగ్లీషు రాని పిల్ల అని తేల్చేసింది యంత్రం.

ఆ సంగతి ఇంటివాళ్ళకు ఉత్తరం రాసి చెప్పాలి, అదీ వాళ్ళకు అర్థమయ్యే భాషలో. కొవార్జ్ ఇంటి ఫైలులో చెక్ అని ఉంది. వెర్నా పక్క ఊరి చర్చిలో ఓ ముసలావిడను బతిమాలి ఉత్తరాన్ని చెక్‌లోకి రాయించి ఎమిల్ చేతిలో పెట్టింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది చదవడం నాకు రాదమ్మా. మా అమ్మ మాటలు నేర్పింది గానీ రాత నేర్పలేదు."

"మరి ఫారంలో చెక్ అని ఎందుకు రాశారు పెద్దాయనా!"

"అడిగారు, రాశాను. అబద్ధం రాయమంటావా?"

వెర్నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద అరవాలో తెలియక ఉత్తరాన్ని లాక్కుని ఫైల్లో కుక్కింది.

మర్నాడు ట్రిష్ వచ్చింది, ఆసుపత్రి బట్టల్లోనే. వెర్నా ఇంగ్లీషు ప్రతి తీసి చదివి వినిపించింది. హ్యాటీ రోజూ పదింటికి బస్సెక్కి, వలస వచ్చినవాళ్ళు పనిచేసే మాంసం ఫ్యాక్టరీ ఉన్న పొరుగూరికి వెళ్ళి రెండు గంటలు ఇంగ్లీషు నేర్చుకుని రావాలి. ఇష్టం లేకపోతే తల్లి వద్దనొచ్చు.

"వద్దంటే నా కూతురి పేరు మీద ఆ ముద్ర పోతుందా?" అంది ట్రిష్.

"పోదు. క్లాసు ఆగుతుంది, ముద్ర ఉంటుంది. పరీక్ష ఏటా ఉంటుంది, పాసయ్యేదాకా."

"ఇదెక్కడి గోలండీ! మీరైతే ఏం చేసేవారు వెర్నా గారూ?"

"అది నేను చెప్పకూడదమ్మా. వద్దనమని తల్లిదండ్రులకు మేం సలహా ఇవ్వడం చట్టం ప్రకారం తప్పు."

"మీరు చెప్పరు, ఆయన చదవలేడు, అది మాట్లాడదు. భలే దొరికారు అందరూ నాకు!" ట్రిష్ కళ్ళు తుడుచుకుంది. "సరే, పాసైతే గానీ పోదంటున్నారుగా. ఆ పాసు చేయించే చోటికే వెళ్ళనీండి."

ఆ రోజే వెర్నా పట్టుబట్టింది. ఏం చేసైనా సరే, ఏడాది తిరిగేసరికి ఈ పిల్లను ఇందులోంచి బయటపడెయ్యాలి. రాష్ట్ర ఆఫీసుకు ఫోన్ చేసింది.

"ఫారం పొరపాటున నింపారండీ. సరిదిద్దుకోవచ్చా?"

"పరీక్ష పెట్టకముందైతే చూసేవాళ్ళం మేడమ్. ఇప్పుడు సున్నా వచ్చింది కదా."

"మాట్లాడటం రాక కాదండీ, ఆ పిల్ల మాట్లాడదు, అంతే!"

"అదే మేడమ్, మాట్లాడలేదనే మా దగ్గరా ఉంది."

ఇలా నాలుగుసార్లు. నాలుగోసారి ఫోన్ పెట్టేశాక ఆవిడ చేతిలోని పెన్సిల్ విరిగింది. చదవడం వచ్చిన పిల్ల చదువుకోవాల్సిన రెండు గంటలూ రోజూ రోడ్డు మీదా పరాయి బడిలోనూ తగలబడుతున్నాయని ఆవిడ బాధ. జనవరిలో పొరుగూరి టీచరు ఓ ముక్క రాసి పంపింది: "హ్యాటీ పక్కన కూర్చునే యెసెనియాతో, అబ్షిర్‌తో ఒకటే కబుర్లు. ఆపమన్నా ఆపడం లేదు." వెర్నా ఎగిరి గంతేసింది. మాట్లాడుతుందనడానికి సాక్ష్యం దొరికిందని ఆ కాగితాన్ని జాగ్రత్తగా ఫైల్లో పెట్టుకుంది.

ఫిబ్రవరిలో మళ్ళీ పరీక్ష. ఈసారి హ్యాటీ మైకును దగ్గరకు లాక్కుని, బొమ్మలోని అబ్బాయి ఏం చేస్తున్నాడో చెప్పి, వాడికి చలికోటు లేదేమని ఎదురు ప్రశ్న కూడా వేసింది. మే నెల చివర్లో ఫలితం వచ్చింది. అన్నిట్లోనూ పూర్తి మార్కులు. ముద్ర పోయింది.

పోస్టులో పంపితే చాలు. అయినా వెర్నా సాయంత్రం గసగసాలు కూరిన కొలాచీ రొట్టెలు ఓ డబ్బా నిండా పెట్టుకుని కొవార్జ్ వాళ్ళింటికి వెళ్ళింది. ఎమిల్ వాకిట్లో కంచె బిగిస్తున్నాడు. హ్యాటీ పక్కనే మేకుల డబ్బా పట్టుకుని నిలబడి ఉంది.

"అయిపోయింది పెద్దాయనా! మీ మనవరాలికి ఇంగ్లీషు వచ్చని ప్రభుత్వం ఒప్పుకుంది."

"మంచిదమ్మా. నాకూ వచ్చో రాదో కనుక్కో ఓసారి," అన్నాడు ఎమిల్.

వెర్నా పగలబడి నవ్వింది. నవ్వుతూనే పిల్ల వైపు వంగింది. "ఇంక నీకు ఆ బస్సు బాధ లేదమ్మలూ. ఆగస్టు నుంచి రోజంతా నీ తరగతిలోనే ఉండొచ్చు."

మేకుల డబ్బా కింద పడింది.

"యెసెనియా నాకు చోటు పట్టి ఉంచుతుంది," అంది హ్యాటీ. "కిటికీ పక్కన."

వెర్నా నవ్వు ఆగిపోయింది. "నువ్వు పాసయ్యావు తల్లీ. పాసైనవాళ్ళను అక్కడికి పంపకూడదు."

"ఇక్కడ నాతో ఎవరూ మాట్లాడరు."

"మాట్లాడతారు, నువ్వు పలకరిస్తే..."

"నేను మళ్ళీ పరీక్ష రాస్తాను. ఈసారి ఒక్క మాట కూడా మాట్లాడను, ఒట్టు. అప్పుడు పంపిస్తావా?"

ఎమిల్ సుత్తి దించి వెర్నా వైపు చూశాడు. ఏడాదంతా ఆ పిల్లను బయటికి లాగడానికి ఎక్కని గడప లేదు గానీ, అక్కడ ఎలా ఉందని పిల్లను ఒక్కసారీ అడగలేదని వెర్నాకు అప్పుడు తోచింది. సిగ్గుతో ముఖం వేడెక్కింది. వద్దనే హక్కు తల్లికి ఇచ్చిన చట్టం, కావాలనే హక్కు ఈ పిల్లకు ఎక్కడా ఇవ్వలేదు.

"చెప్పు," అంది హ్యాటీ, ఆవిడ చెయ్యి పట్టుకుని ఊపుతూ. "పంపిస్తావా?"