ఆకుపచ్చని యవాంకురములు

వర్షాకాలము గడచి గగనతలము నిర్మలమై శరల్లక్ష్మి సర్వదిశలఁ దన ధవళాంచలమును బఱచుచుండ నేపాళదేశమున తాన్సేను అను కొండయూరి దిగువనున్న లోయ యంతయు రాత్రి దిగిన మంచుతో నంచులదాఁక నిండి పొంగి చల్లాఱిన పాలదుత్తవలె నిశ్చలమై యుండెను. ఊరికి మీఁదుగా సరళవృక్షనిబిడంబగు శ్రీనగరపర్వతము నిలిచియుండ నా పర్వతాగ్రమునుండి యుత్తరముగాఁ జూచువారికి ధవళగిరి మొదలుకొని అన్నపూర్ణ వఱకుఁ గల హిమశిఖరపరంపర ప్రథమభానుకిరణస్పర్శచే మొదట గులాబివన్నెయుఁ బిమ్మట మేలిమిబంగరువన్నెయుఁ దాల్చి తుదకు మిఱుమిట్లుగొలుపు తెల్లఁదనమునఁ దేలిపోవుచుండెను. ఆ యాశ్వయుజమాసపు వేకువలయందుఁ బ్రతిదినము నా శిఖరముపై నొక చెక్కబల్లమీఁద మంగళగిరి నేఁతచీర కట్టి దానిపై ముతకకంబళి కప్పి పాదములకు మగవారి యున్నిమేజోళ్లు తొడిగిన నెఱసిన తలగల స్త్రీ యొకతె కూర్చుండి యుత్తరదిక్కునకుఁ జూచుచుండెడిది.

ఆమె పేరు హైమవతి. కాకినాడలోని యొక బాలికాపాఠశాలయందు భూగోళశాస్త్రమును బోధించుచు నుద్యోగకాలమంతయుఁ గడపి నల్లబల్లపై సుద్దముక్కతో హిమవత్పర్వతమును గీచి గీచి వ్రేళ్లు తెల్లఁబడిన యా సాధ్వి మంచును మాత్రము సోడాబండివాని పెట్టెలోఁ దప్ప నెన్నఁడును జూచి యెఱుఁగదు. తోఁబుట్టువుల చదువులును బెండ్లిండ్లును దీఱునప్పటికిఁ దన పెండ్లిమాట యెత్తువారే లేకపోయిరి. సముద్రతీరపు టుక్కపోఁతతోఁ దరగతి యెల్లఁ గునుకుపాట్లు పడునట్టి యపరాహ్ణములయందు గోడపటమునందలి యా గోధుమవన్నె ముడుతలఁ జూచి యామె హృదయము చెప్పరాని తమకముతో నిండిపోయెడిది. వైభవమును గాని మోక్షమును గాని యామె కోరలేదు. తెల్లవాఱి నాలుగడుగులు వేయఁగానే మంచుకొండ కనఁబడు చోట నొక గది దొరకిన బ్రతుకు పండినట్లే యని తలఁచెను.

ఉద్యోగవిరమణానంతరము మన దేశపుఁ గొండయూళ్ల యద్దెలు విని యామె పింఛను సిగ్గుపడెను. నేపాళమునకు మనవారు వీసా లేకయే పోవచ్చుననియు నచటఁ గొంచెపురాఁబడితోనే కాలము హాయిగా వెళ్లఁబుచ్చవచ్చుననియు విని ముసలితనమున మతి చలించినదని చుట్టములు చెవులు కొఱుక్కొనుచుండ నామె యావకాయజాడీని గాఫీ ఫిల్టరును మూటఁ గట్టుకొని బయలుదేఱెను. తాన్సేనులో నామెకు రెండుగదుల మేడభాగము నద్దెకిచ్చినవాఁడు టేకబహదూర్ ఖత్రీ యను వర్తకుఁడు. నూలుబట్టపై రంగురంగుల యల్లికలుగల ఢాకాటోపీలమ్ము దుకాణము క్రింద నుండఁగా దాని వెనుక నతఁడును భార్యయగు విష్ణుమాయయుఁ గాపురముండిరి. వయస్సున హైమవతికంటెఁ జాలఁ జిన్నవారగు నా దంపతులు వచ్చియురాని హిందీలో మాటాడుచు నామెను దిదీ యని, అనఁగా అక్కా యని, పిలిచెడివారు. అయితే కూరగాయల బుట్టదానినిఁ గూడ వారు దిదీ యనియే పిలుచుట చూచి మన పంతులమ్మ యా పిలుపునకుఁ బొంగిపోవుట మానుకొనెను.

తొలిమాసము లానందపారవశ్యముననే గడచెను. పిదప నొక వింత జరిగెను. జన్మమెల్లఁ జూడఁగోరినదానిని జూచితినని చెప్పుకొనుటకుఁ దెలుఁగుమాట వినువా రొక్కరును లేకపోయిరి. కాఫీ డికాక్షను చుక్కచుక్కగా దిగుచుండ దానితోనే యామె తెలుఁగున మాటాడుకొనెడిది. ఇచ్చట నొక చిన్న నేలచెక్క కొని గుడిసె వేసికొందునా యని యొకనాఁడు టేకబహదూరు నడుగఁగా విదేశీయులకు భూమి కొను హక్కు చట్టము నీయదని యతఁడు నొచ్చుకొనుచునే చెప్పెను. మాట న్యాయమైనదే. కాని విదేశీయురాలను పేరు నాఁటినుండి యామె చెవిలో మెదలుచునే యుండెను.

అంతలో నవరాత్రములు వచ్చెను. ఆ దేశమున వానిని దశైఁ యందురు. పాడ్యమినాఁడు విష్ణుమాయ యిసుక నింపి యవలు చల్లిన మట్టిమూకుడు నొకదానిని మేడమీఁదికిఁ దెచ్చి చీఁకటిమూల నుంచి పైన వెదురుబుట్ట బోర్లించి నమస్కరించి దీనిపై నీరు చిలుకరించుచుండుఁడని చెప్పి పోయెను. క్రిందఁ జోటు చాలక తెచ్చెఁ గాఁబోలునని హైమవతి తలఁచెను. కొన్నిదినములకు బుట్ట యెత్తి చూడఁగా మొలకలు వెలవెలఁబోయి పసుపువన్నెతో నుండెను. వెలుఁగు సోకని మొక్కకుఁ బచ్చఁదనము రాదని యెంద ఱాఁడుపిల్లలకుఁ జెప్పిన నోరది. పాప మెండకు మొగము వాచినవని జాలిపడి యామె యా మూకుడును గిటికీలోఁ బెట్టెను. మొలకలు నిగనిగలాడుచు నాకుపచ్చగాఁ దేఱెను.

విజయదశమినాఁ డామె వేకువనే తలంటి పోసికొని క్రొత్తచీర కట్టి తలుపు దగ్గఱగా వేసి చెవి యొగ్గి కూర్చుండెను. కాకినాడలో నొక యింట శుభకార్యమైన నా యింటివారు కుంకుమభరిణెతో గుమ్మములోనికి వచ్చి బొట్టు పెట్టి పిలువవలయును. పిలువని పేరంటమునకుఁ బోవుట తలవంపు. పెండ్లికానిదగుటచే ముత్తైదువుల వరుసనుండి జాఱి యా భరిణె తన గుమ్మము దాఁటి ప్రక్కింటికిఁ బోవుట హైమవతి బహుపర్యాయములు చూచినదే. క్రింద నేతివంటకముల వాసన వచ్చుచుండెను. చుట్టములు వచ్చుచుఁ బోవుచుండిరి. టీకా యని యచ్చటివారు పిలుచు కుంకుమయుఁ బెరుఁగును గలిపిన బియ్యము వారి నొసళ్ల నెఱ్ఱఁగాఁ బట్టియుండ లేఁతపసుపు మొలకలు చెవులపై వ్రేలాడుచుండెను. మెట్లపై నడుగు చప్పుడు మాత్రము వినఁబడలేదు. మధ్యాహ్న మగునప్పటికి నామె తలుపునకుఁ దాళము వేసి దొడ్డిదారిని గొండ యెక్కెను.

ఆనాఁడు శిఖరములు మబ్బు చాటున నుండెను. దారిఁబోవు వారందఱి నొసళ్లును నెఱ్ఱఁగా నుండఁ దన నొసలొక్కటియే వట్టిదియై యుండుట యామెకుఁ దెలియుచునే యుండెను. కాకినాడ యుక్కపోఁత యామెకు జ్ఞప్తికి వచ్చెను. వీధి చివరనుండి హైమవతీ టీచరుగారూ యని యెవరో పిలిచినట్లును దాను వెనుదిరిగినట్లును దోఁచి కన్నీరు వరదయై పాఱెను. ఆ యూర నిప్పు డామె నట్లు పిలుచువారును లేరు. అయినను విదేశమునఁ బరాయిదాననై చచ్చుటకంటె నచ్చటనే మేలని నిశ్చయించుకొని యిల్లు చేరి మూట గట్టుట కారంభించెను. ఆ పిమ్మట క్రిందివారును నామెఁ జూచి మొగము తిప్పుకొనుచుండిరి. అదియు నామె నిశ్చయమును గట్టిపఱచెను.

పున్నమినాఁటి యపరాహ్ణమున నామె దిగివచ్చి మఱునాఁడు గదులు విడిచిపోవుదునని చెప్పెను. టేకబహదూరు టోపీలు సర్దుచుఁ దల యెత్తలేదు. విష్ణుమాయ పలికెను.

“పొండు దిదీ, మీ యిష్టము. ఒక్కమాట చెప్పి పొండు. దశమినాఁడు చుట్టములను సాగనంపి మేమిద్దఱము మీ మెట్లెక్కి వచ్చితిమి. తాళము వేసియుండెను. మేము చేసిన తప్పేమి?”

“నన్ను మీరు పిలువలేదు గదా” యని హైమవతి మెల్లఁగా ననెను.

విష్ణుమాయ తెల్లఁబోయి చూచెను. “పెద్దవారిని బిలుతురా దిదీ? పెద్దవారు తమ గదిలోఁ గూర్చుందురు. చిన్నవారము మేము పోయి తల వంచుదుము. అత్తగారు పోయినది మొదలు మా నొసట టీకా పెట్టు చేయి లేదు. ఈ యేఁడు మేడమీఁద మీరున్నారని మీకొఱకు వేఱుగా యవలు చల్లి తెచ్చితిని. ఊరివారికెల్లఁ బెట్టి యీయన మాత్రము వట్టినొసటితోఁ బండుగ గడిపెను.”

హైమవతి గోడ నానుకొని నిలఁబడిపోయెను. కుంకుమభరిణె జన్మాంతమున నొక్కసారి తన గుమ్మమునకు నడచి వచ్చి తాళముఁ జూచి మరలిపోయినదని యామె కప్పటికి బోధపడెను. అంతట టేకబహదూరు టీకాకుఁ బున్నమియే కడపటి దినమనియు నింకను బొద్దుగ్రుంకలేదనియు టోపీలతోఁ జెప్పుచున్నట్లు చెప్పెను.

విష్ణుమాయ పెరుఁగును గుంకుమయుఁ గలిపిన బియ్యపుఁ బళ్లెముతో మేడ యెక్కి కిటికీలోని మూకుడుఁ జూచి గతుక్కుమనెను. చీఁకటిలోఁ బెరిగి పసుపువన్నెఁ దేలవలసిన పూజాంకురములు పసరికపోఁచలవలె నిలిచియుండెను. హైమవతి సిగ్గుతోఁ జితికిపోయి యెండకు మొగము వాచినవని తానే పెట్టితినని యొప్పుకొనెను. టేకబహదూరు చూచి చూచి నవ్వాపుకొనలేక మన దిదీ పెంచినవి గదా యవియే పెట్టవలయునని చెప్పి టోపీ తీసి యామె యెదుట మోఁకరిల్లెను. ఆమె యిరువుర నొసళ్లను టీకా నద్ది చెవులపై నా పచ్చని పోఁచల నుంచెను. ఆ దేశపు టాశీర్వచనశ్లోకము లామెకు రావు. హిందీయు నా క్షణమున నెచ్చటికో పోయెను.

“చల్లగా నుండుఁడు నాయనా. నూఱేండ్లు కలిసి బ్రతుకుఁడు తల్లీ” యని తెలుఁగున ననెను.

ఆ దేశమున నామె యొక మనుష్యునితోఁ బలికిన తొలి తెలుఁగుమాట యదియే. వారికొక్క యక్షరమును దెలియలేదు. అయినను వంచిన తలలను జాలసేపటివఱకు నెత్తలేదు.

నాఁటి సాయంకాలము సంత వీధిలో నందఱి చెవులపైనుండు పసుపుమొలకలు వాడి వ్రేలాడుచుండ టేకబహదూరు మాత్రము టోపీ క్రింద నాకుపచ్చని పోఁచలతో నడచుచుఁ గారణ మడిగిన వారికెల్ల, “మా దిదీ పెంచినవి. వారి దేశమున యవాంకురములకు వెలుఁగు చూపుదురు” అని గర్వముగా బదులు చెప్పుచుఁ బోయెను. మీఁది కిటికీయొద్ద నిలిచి యా మాట విన్న హైమవతి తన దేశమున నట్టి యాచారము లేనేలేదని కేక వేసి చెప్పఁబోయి మానుకొని గది నడుమనున్న మూట విప్పి కాఫీ ఫిల్టరును వెలికిఁ దీసెను.