నెలవంక వాత

గుర్రాల మందలు మేపుకునే నరీన్ లోయలో తొలి మంచు పడిన పొద్దున, ఊరి నర్సు ఐచురేక్ సూదిమందు పెట్టెతో ఇంటికి వచ్చేసరికి మామగారు సాతర్‌కుల్ గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"మళ్లీ ఎందుకు తెచ్చావ్ దాన్ని? నిరుడు నాకూ మీ అత్తకీ పొడిచావు. ఏం ఒరిగింది? చలికాలమంతా అది పక్క దిగలేదు!"

లోపల అత్తగారు బురుల్ దగ్గు వినిపించింది. నిరుటి ఫ్లూ జ్వరం ఆమె ఊపిరితిత్తులను పిండేసింది. ఈసారీ తగిలితే బతకదని పట్నం డాక్టరు చెప్పాడు.

"అందుకే తెచ్చాను మామయ్యా. జబ్బు మారింది. ఇది కొత్త మందు."

"జబ్బు మారిందట! రోగం కూడా టోపీ మారుస్తుందా? చేతకాకపోతే చేతకాలేదని చెప్పు. పో, ఆ సీసాలు నువ్వే తాగు."

ఆ ఊళ్లో కోడలు మామ ఎదుట గొంతెత్తదు. కాపురానికొచ్చిన నాటి నుంచీ ఐచురేక్ ఆయన పేరైనా పలకలేదు. ఆ పొద్దు మాత్రం ఆగలేకపోయింది.

"మీ బూడిదరంగు గుర్రం ఎలా పోయింది?" అని అరిచింది.

ఆయన ముఖం కందగడ్డయింది. "కనుమ దగ్గర ఆ కాపలా వెధవ వదిలేశాడు!"

"మన మంద గుర్తు, నెలవంక వాత ఉన్నవాటిని ఆపమని మీరే చెప్పారు. ఆపాడు. దొంగ ఆ బూడిదరంగు దానికి ఇంకో గీత కాల్చి నెలవంకను నిండు చందమామ చేశాడు. అదొక్కటే దాటిపోయింది. ఒంట్లో కాపలా కూడా అంతే! గుర్తుపట్టిన క్రిమిని చంపేస్తుంది. వాత మారిన క్రిమి తప్పించుకుని మంద పెంచుకుంటుంది. మన కాపలాయే దాన్ని ఏరి పెడుతోంది. నిరుడు మా మందు ఆ కాపలాకు పాత వాతనే చూపించింది, తప్పింది. రాత్రుళ్లు అత్తయ్య వీపు నిమిరింది నేను. నాకు మండదా?"

సాతర్‌కుల్ పళ్లు కొరికాడు.

"మరి వచ్చే ఏడు?"

"మళ్లీ మారుతుంది. మళ్లీ వస్తాను."

"దొంగ ముండాకొడుకులు!" అంటూ ఆయన కోటు విప్పి విసిరేశాడు. "ముందు నాకు పొడువు. గుర్రాల సంతకెళ్లి ఆ దొంగ క్రిమిని ఇంటికి తెచ్చేది నేనే కదా."

ఐచురేక్ కోపంతోనే పొడిచింది.

"మెల్లగా! నేనేం గుర్రాన్నా?"

"గుర్రమైతే కదలకుండా నిలబడేది."

లోపల బురుల్ ఫక్కున నవ్వింది. ఆ నవ్వు దగ్గులోకి తిరిగి ఎంతకీ ఆగలేదు. సాతర్‌కుల్ గుమ్మం వదిలి పక్కకు జరిగాడు.

"నిలబడి చూస్తావేం? వెళ్లు!"