పచ్చి ముగ్గు

గవరయ్య గుమ్మం బయట చెప్పులు విడిచి, సుజన తెల్లారుజామున వేసిన పిండిముగ్గు మీద అడుగు పడకుండా పెద్ద అంగ వేసి లోపలికి వచ్చాడు. ముగ్గు ఎప్పుడో ఆరిపోయింది. అయినా మోకాలు పట్టుకుని మరీ దాటాడు.

"మార్గశిరం లచ్చింవారం గదమ్మా," అన్నాడు నవ్వుతూ. "ముగ్గు తొక్కితే మా యమ్మ ఈపు సీరీసీది."

ఆయన సుజన భర్త ఢిల్లీశ్వరరావుకి పెదనాన్న. తండ్రి లేని పిల్లాణ్ణి కలకత్తా మెటియాబ్రుజ్‌లో, రేవులో బస్తాలు మోసి పెంచాడు. ఇప్పుడు ఒంటరిగా ఉన్న ఆయన్ని న్యూ టౌన్ ఫ్లాటుకి తెచ్చేసుకోవాలని ఢిల్లీశ్వరరావు పట్టుబట్టాడు. సుజన వచ్చే వారం నుంచి మధ్యాహ్నాలు ట్యూషన్ సెంటర్‌లో పాఠాలు చెప్పబోతోంది. బడి నుంచి అశ్విని వచ్చేసరికి ఇంట్లో పెద్దదిక్కు ఉంటుందన్నది అతని మాట.

"రెండో తాళంచెవి నువ్వే ఇచ్చి, ఇక్కడే ఉండిపొమ్మని చెప్పు. నేనంటే మొహమాటపడతాడు," అని పొద్దున్న డ్యూటీకి వెళ్తూ చెప్పాడు.

కాదనడానికి సుజనకి కారణమేదీ కనబడలేదు. తాళంచెవిని టీపాయ్ మీద, తను చదువుతున్న నవల పైన పెట్టింది.

అది మెటియాబ్రుజ్ తెలుగువాడలో పెరిగిన ఒక మాస్టారు రాసిన నవల. ఎన్నో ఏళ్ల కిందట అక్కడ జరిగిన జగ్గమ్మ హత్యే దాని కథ, పేర్లు మార్చాడంతే. జగ్గమ్మ అందులో నూకాలు. సాయంత్రం డ్యూటీ దిగి వచ్చిన మొగుడు ఆమె శవాన్ని చూడడంతో మొదలవుతుంది. ఆ పొద్దున్న ఏం జరిగిందో పుస్తకంలో ఎక్కడా ఉండదు. చంపినవాడు దొరకడు. ఆమె చేతి కూడు తిన్నవాళ్లలోనే ఒకడై ఉండాలని మాత్రం చదివేవాళ్లకి మెల్లమెల్లగా అర్థమవుతుంది. చదివినప్పుడల్లా సుజన లేచి తలుపు గడియ చూసుకునేది.

ఇప్పుడది సినిమా అయింది. వాడంతా ఫోన్లలో అదే చూస్తోందని గవరయ్య చెబితే, భోజనాలయ్యాక టీవీలో పెట్టింది.

కాసేపటికే ఆమెకి ఒళ్లు మండింది. పుస్తకం మూసి ఉంచిన ఆ పొద్దుటిని సినిమా బార్లా తెరిచింది. అద్దం ముందు కూర్చుని హీరోయిన్ తడి జుట్టు దువ్వుకుంటుంటే, మెడలో లావుపాటి గొలుసుతో ఒక కాంట్రాక్టరు బూట్లు టకటకలాడిస్తూ వెనక నుంచి వచ్చాడు.

"చూశారా మావయ్యా ఈ అన్యాయం! పుస్తకంలో కాంట్రాక్టరే లేడు. ఎవడో బయటివాడు చేశాడంటే అందరికీ హాయి. ఇంక మనలో మనం అనుమానపడక్కర్లేదు. మీ అబ్బాయికి మాత్రం తెగ నచ్చేసింది."

"ఆడికి ఫైటింగులుంటే సాలు," అన్నాడు గవరయ్య. ఆయనకీ నచ్చలేదని మొహమే చెబుతోంది. కుర్చీలో ముందుకి వంగి, తెర వైపు వేలు చూపించాడు. "తప్పమ్మా, అంతా తప్పే. లచ్చింవారం పూట ఆ గుంట దువ్వెన ముట్టుకుంటాదేటి? తల దువ్వుకోనేదు. అప్పుడే ముగ్గేసి లేచింది. సేతికి పిండయినా కడుక్కోనేదు. గుమ్మంలో ముగ్గింకా పచ్చిగుంది, కాలు జారి..."

అక్కడ ఆగిపోయాడు.

తనలాగే ఈ సినిమాని తిట్టేవాళ్లు ఒకరు దొరికారని సుజనకి సంతోషం కలిగింది. నవ్వుతూ అటు తిరిగింది. ఆ నవ్వు మొహాన ఉండగానే ఆలోచన వచ్చింది.

బియ్యప్పిండి నీళ్లలో కలిపి చీకటితో వేసే ముగ్గు, ఎండ పొడవగానే ఆరిపోతుంది. సాయంత్రం శవాన్ని చూసినవాళ్లెవరూ పచ్చి ముగ్గుని చూసి ఉండరు. పైగా ఆ వారం గవరయ్య కలకత్తాలోనే లేడు. శ్రీకాకుళం దగ్గర సొంతూళ్లో ఇంటి కప్పు నేయించుకుంటున్నానని, కబురంది వచ్చేసరికి దినం కూడా అయిపోయిందని ఎన్నిసార్లు చెప్పలేదు! "నేనుంటే ఆ గుంటకి అలగ జరగనిచ్చీవోణ్ణా?" అని కళ్లొత్తుకునేవాడు.

తెర మీద పోలీసు హీరో కాంట్రాక్టర్ని చితక్కొడుతున్నాడు. గవరయ్య అటు చూడడం లేదు.

"ముగ్గు మాట పొత్తకంలో ఉందేటమ్మా?"

ఆయనకి ఏ భాషలోనూ అక్షరమ్ముక్క రాదు.

"ఉంది మావయ్యా," అంది సుజన. గొంతు మామూలుగానే వచ్చింది. "అదే చెప్పబోతున్నాను. సినిమావాళ్లు తీసేశారు."

"అలగా. ఆ పేజీ ఓపాలి సదివి ఇనిపించు."

సుజన టీపాయ్ మీది నవలని తాళంచెవితో సహా అందుకుంది. చెవిని అట్ట కిందకి జరిపి పిడికిట్లో పట్టుకుంది. మధ్యలో ఎక్కడో తెరిచింది. అక్కడ శవదహనం గురించి ఉంది.

"ఇంకా తెల్లారలేదు," అని మొదలుపెట్టింది, ఆ అక్షరాల మీద చూపు కదుపుతూ. "నూకాలు గుమ్మంలో ముగ్గు వేసి లేచింది. చేతికి పిండి అలాగే ఉంది. ముగ్గు ఆరలేదు..." మాట పొల్లుపోతే సహించని మనిషి, పుస్తకంలో లేని పొద్దుటిని వాక్యం తరవాత వాక్యం కల్పించి చదివింది. వచ్చినవాడెవరో చెప్పకుండా ఆపేసింది.

గవరయ్య కళ్లు మూసుకుని విన్నాడు.

"మాస్టారు బాగా రాసినాడు," అన్నాడు చివరికి. "పక్కనుండి సూసినట్టే." కళ్లు తెరిచి ఖాళీ టీపాయ్ వైపు చూశాడు. "తాళం నీకాడ ఎట్టినానని మా డిల్లీగాడు ఫోన్ సేసినాడు. ఏదమ్మా?"

"మర్చిపోయి ఆయనే జేబులో వేసుకుపోయారు మావయ్యా."

కింద బడి బస్సు హారన్ మోగింది.

"అశ్వినిని తీసుకొస్తాను," అని సుజన పుస్తకం పట్టుకునే లేచింది. లిఫ్టు కోసం ఆగకుండా రెండంతస్తులూ మెట్లు దిగింది. గేటు దగ్గర బ్యాగు ఊపుకుంటూ వస్తున్న కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అమ్మా, తాతయ్య వచ్చేశారా? పైకి పద!"

"నాన్న వచ్చాక వెళ్దాం. ఇక్కడే ఉండు." పుస్తకాన్ని చంకలో ఇరికించి రెండో చేత్తో ఫోను తీసింది. "ఏమండీ, పెదనాన్నగారు మనింట్లో ఉండడం నాకిష్టం లేదు. కారణం ఫోన్లో చెప్పేది కాదు. ఇప్పుడే బయల్దేరి రండి."

అవతల ఢిల్లీశ్వరరావు ఏదో అంటున్నాడు. సుజన తల ఎత్తింది. రెండో అంతస్తు బాల్కనీలో, ఊచల మీద చేతులాన్చి గవరయ్య నిలబడి ఉన్నాడు. ఎప్పట్నుంచి ఉన్నాడో.

"ఏటమ్మా, అక్కడే ఉండిపోనారు?" అని నవ్వుతూ కేకేశాడు. "ముగ్గారిపోయింది గదా, భయమేటి? గుంటని తీసుకుని పైకి రా!"