అమ్మల ఖో-ఖో జట్టు

చిత్తూరులో కోర్టు వెనక సన్నని వీధి ఒకటి ఉంది. ఆ వీధిలో నాగవేణి కుట్టుమిషన్ ఉదయం తొమ్మిదికి మొదలైతే చీకటి పడేదాకా ఆగదు. నలభై నాలుగేళ్ల మనిషి. జాకెట్లు కుట్టడంలో మంచి పేరుంది. మిషన్‌కు మోటారు బిగించాక కాళ్లకు ఆ కాస్త పనీ తప్పింది. దారం అయిపోతే పదో తరగతి చదివే కూతురు లోహిత తెచ్చిపెడుతుంది. వీధి చివరి పాలకొట్టుకు కూడా భర్త మునిప్రసాద్ బండి మీదే వెళ్లి వస్తాడు. మన ఇళ్లలోనూ ఇంతే కదా! పగలంతా కష్టపడుతున్నామనే అనుకుంటాం. ఆ కష్టంలో ఒళ్లు ఎంతసేపు కదిలిందో మాత్రం చూసుకోం.

ఒక ఆదివారం వీధిలో వైద్య శిబిరం పెట్టారు. నాగవేణికి రక్తంలో చక్కెర హద్దు దగ్గర ఉందని డాక్టరమ్మ చెప్పింది. మాత్రలు ఇప్పుడే వద్దని, రోజూ అరగంట చురుగ్గా నడిచి మూడు నెలలకు మళ్లీ చూపించుకోమని అంది.

మరునాడే నాగవేణి నడక మొదలుపెట్టింది. చేతిలో సంచి లేకుండా ఊరికే నడిచే ఆడమనిషిని చూసి వీధి ఊరుకోలేదు. ఒకరు యాడికి అని అడిగారు. ఇంకొకరు ఇంట్లో ఏమైనా గొడవా అని ఆరా తీశారు. టీ బంకు దగ్గర ఎవరో నవ్వారు. నాలుగో రోజు ఆమె చెప్పులు వేసుకుని గడప దాకా వచ్చి, తిరిగి వెళ్లి మిషన్ ముందు కూర్చుంది.

పక్కింటి ఉమ్మే సల్మాకు ఈ సంగతి తెలిసింది. చీరల మీద మగ్గం పని చేస్తూ ఆమె కూడా రోజంతా కూర్చునే ఉంటుంది. "నాకూ డాక్టరమ్మ అదే చెప్పిందక్కా. ఇద్దరం కలిసి పోదాం పా. ఎవురేమంటారో సూద్దాం" అంది.

ఇద్దరూ సాయంత్రం లోహిత చదివే బడి మైదానానికి వెళ్లారు. అక్కడ పిల్లలతో ఖో-ఖో ఆడిస్తున్న వ్యాయామ ఉపాధ్యాయురాలు అమల వాళ్లను ఆప్యాయంగా పలకరించింది. రెండు వారాలు మైదానం చుట్టూ నడిపించింది. తర్వాత నెమ్మదిగా పరుగు నేర్పింది. ఒకరోజు ఆటలో కూర్చోమంది. నాగవేణి వరుసలో కూర్చోబోతే మోకాళ్లు పటపటమన్నాయి. వెనక నుంచి సల్మా వీపు తట్టి "ఖో" అనగానే లేచి పరిగెత్తింది. పది అడుగులకే ఆయాసం వచ్చింది. అయినా ముప్పై ఏళ్ల కిందట లంగా ఎగగట్టి ఆడిన ఆట ఒంట్లో ఎక్కడో మిగిలే ఉంది. ఆ రాత్రి కాళ్లు నొప్పులు పుట్టినా ఆమెకు నవ్వే వచ్చింది.

మునిప్రసాద్‌కు మాత్రం ఇది నచ్చలేదు. "ఈ వయసులో ఎగిరి కాలిరగ్గొట్టుకుంటే ఎవురు సూస్తారు?" అన్నాడు.

"కూసోని కూసోని రోగం తెచ్చుకుంటే మాత్రం ఎవురు సూస్తారు? నేను పోతా" అని ఆమె వెళ్లిపోయింది.

ఇద్దరు ఆరుగురయ్యారు. ఆరుగురు పన్నెండు మందయ్యారు. మూడు నెలలకు రక్తపరీక్ష చేయిస్తే చక్కెర హద్దు కిందికి దిగింది. ఆ కాగితం వీధిలో చేతులు మారింది. ఇక నాగవేణిని యాడికి అని అడిగేవాళ్లు లేరు, ఎన్ని గంటలకు అని అడిగేవాళ్లే.

బడి వార్షికోత్సవానికి అమల ఒక పందెం పెట్టింది: పదో తరగతి ఆడపిల్లలతో అమ్మల జట్టు ఆట. మైదానం చుట్టూ జనం నిండిపోయారు. ముందు పిల్లలు తరిమి తొమ్మిది మందిని పట్టారు. తర్వాత అమ్మల వంతు. చివరి నిమిషానికి ఎనిమిది మంది దొరికారు. తొమ్మిదో పాయింటుకు లోహిత దొరకాలి. ఆ పిల్ల లేడిలా వరుసలోంచి జారిపోతోంది. సల్మా తరిమి తరిమి, సరిగ్గా లోహిత మలుపు తిరిగే చోట నాగవేణి వీపు తట్టింది. "ఖో!"

నాగవేణి ఎగిరి లేచింది. చీర కుచ్చిళ్లు బిగించి వరుస చివర పాతిన స్తంభం వైపు దూసుకుపోయింది. మైదానం గట్టు మీద నిలబడి "బిరీన, బిరీన" అని అందరికంటే గట్టిగా అరుస్తున్నది మునిప్రసాదే. లోహిత స్తంభం చుట్టూ తిరిగింది. తల్లి ఒంటిచేత్తో స్తంభాన్ని పట్టుకుని ముందుకు వాలి, రెండు వేళ్లతో కూతురి భుజం తాకింది. వెంటనే ఈల మోగింది. రెండు జట్లకూ తొమ్మిదేసి పాయింట్లు.

తల్లీకూతుళ్లు మట్టిలో కూలబడి నవ్వారు. "నువ్వు ఇంత పరిగెత్తుతావని నాకు తెలీదమ్మా" అంది లోహిత.

"నాకూ తెలీదు" అంది నాగవేణి.

మునిప్రసాద్ గట్టు దిగి వచ్చి అమల ముందు నిలబడ్డాడు. "మేడం, మొగోళ్లకు ఎన్ని గంటలకు రావల్ల?" అని అడిగాడు. అతని వెనక ఇంకో నలుగురు తండ్రులు నిలబడి ఉన్నారు. పొద్దున ఆరింటికి రమ్మని చెప్పి, అమల మైకు తెచ్చి నాగవేణి చేతికిచ్చింది.

నాగవేణికి సభలో మాట్లాడటం అదే మొదటిసారి. ఊపిరి ఇంకా కుదుటపడలేదు. జనాన్ని ఒకసారి చూసి చెప్పింది:

"పొద్దస్తమానం పని చేస్తా ఉండాం గదా, ఇంక కసరత్తు ఎందుకని అనుకుంటిని. అలిసిపోయేది యేరే, ఒళ్లు కదిలేది యేరే. నాకు నలభై నాలుగేండ్లకు తెలిసొచ్చింది. మీరు అన్నేండ్లు ఆగొద్దండి. నడవండి, ఉరకండి, ఆడండి. ఏ వయసులో ఉండినా సరే, రేపు పొద్దున్నే మొదలుపెట్టండి."