గాభరా మనిషి, గోధుమ గుర్రం

ఆయన గోధుమ అనే ఆ గుర్రం మెడ మీద పోసిన నీటిని అరచేత్తో దూసి, వెంటనే మళ్లీ పోశాడు. భుజం దగ్గర చర్మాన్ని వేళ్లతో లాగి వదిలాడు. అది చటుక్కున సర్దుకుంది. ఒంట్లో నీరుంది. అయినా నమ్మకం కుదరక పెదవి ఎత్తి చిగుళ్ల మీద నొక్కాడు. తెల్లబడిన చోటికి ఎరుపు తిరిగి వచ్చింది. నాలుగు కాళ్లూ తడిమాడు. వేడి లేదు, వాపు లేదు. కడుపుకి చెవి ఆనిస్తే గుడగుడ వినిపించింది. అన్నీ బాగానే ఉన్నాయి. ఒక్క దాని గుండె మాత్రం దడదడలాడుతూనే ఉంది.

"ఏమోయ్ గాభరా, అయిదో కాలేమైనా మొలిచిందా? తెగ తడిమేస్తున్నావు!" పక్క గుర్రాన్ని చూసుకునే మనిషి నవ్వాడు.

"నీ పని నువ్వు చూసుకో" అంటూనే ఆయన మళ్లీ వంగాడు.

ఆ పేరు ఆయనకు పెళ్లినాడే పడింది. భోజనం మధ్యలో లేచి, ఈనబోతున్న గుర్రం దగ్గరికి ఎంగిలి చేత్తోనే పరిగెత్తాడు. బిడ్డను జోకొట్టమంటే ఉన్న నిద్ర కూడా చెడగొట్టేవాడని భార్య బతికున్నన్నాళ్లూ దెప్పింది. ఆ బిడ్డే ఇప్పుడు గోధుమ మీద సవారీ చేస్తోంది.

ఇది నాలుగు రోజుల దూరపు సవారీ పోటీ. ఇవాళ మూడో రోజు. గుర్రం గుండె నెమ్మదిస్తేనే రేపటి సవారీకి వదులుతారు. కిందటిసారి ఇలాగే, ఇదే పరీక్షలో ఇంటికి పంపేశారు. అందుకే ఈసారి గుర్రాన్ని కంటికి రెప్పలా కనిపెట్టుకుని ఉన్నాడు. క్షణం పక్కకు కదల్లేదు.

గుర్రాలను పరీక్షించే డాక్టరమ్మ గోధుమ గుండె దగ్గర గొట్టం పెట్టి విన్నది. "గుండె వేగం ఇంకా దిగలేదు. కాసేపాగి చూస్తాను. అదే ఆఖరుసారి."

ఆయన బకెట్టు పట్టుకుని కొళాయి దగ్గరికి ఉరికాడు. నీళ్లు నిండుతుంటే వెనక్కి చూశాడు.

గోధుమ తల దించింది. తడిపిన గడ్డి నములుతోంది. సేదదీరుతున్నట్టు వెనకకాలు ఒకటి వాల్చింది.

ఆయన ఒక అడుగు ముందుకు వేశాడు. తల లేచింది, చెవులు నిక్కాయి, నమలడం ఆగిపోయింది. అడుగు వెనక్కి తీశాడు. తల మెల్లగా దిగింది. నీళ్లు బకెట్టు నిండి కాళ్ల మీద పొర్లుతున్నా ఆయనకు తెలియలేదు.

కూతురు వచ్చి కొళాయి కట్టేసింది.

"చూశావా నాన్నా?"

"చూశా."

"నేనేమీ అనలేదు."

"నువ్వు అనక్కర్లేదులే." తడి చేతులు చొక్కాకు తుడుచుకున్నాడు. "గడ్డి లారీ వెనక్కి పోతోంది. నేనూ ఇంటికి పోతా."

"డాక్టరమ్మ ఏమందో విని వెళ్లు."

"ఎలా ఉండమంటావే? ఇక్కడుంటే దాని దగ్గరికి పోకుండా ఉండగలనా నేను?"

నవ్వబోయాడు, కానీ నవ్వు రాలేదు. గోధుమకు కనిపించకుండా పాకల వెనకగా చుట్టూ తిరిగి వెళ్లి, లారీ ఎక్కాడు.

డాక్టరమ్మ ఈసారి చాలాసేపు విన్నది. "దిగింది. రేపు వెళ్లొచ్చు" అంది. కూతురు దారి దాకా పరిగెత్తింది. లారీ మలుపు తిరిగిపోయింది. దుమ్ము మాత్రం ఇంకా గాలిలోనే ఉంది.

ఆమె తిరిగి వచ్చేసరికి గోధుమ నిలబడే కునుకు తీస్తోంది. కంచె పక్కన మడతకుర్చీ ఉంది. ఈ మూడు రోజులూ నాన్న కాస్త కూర్చుంటాడని ఆమే కొని తెచ్చింది. దాని గుడ్డ మీద అంగడివాళ్లు అంటించిన ధర చీటీకి ఇంకా అంచు కూడా నలగలేదు.