ఒడియాలో మాత్రం నేనే

"కొత్తది కదా, మెల్లగా నేర్చుకుంటాదిలే" అన్నాడు మా ఆయన యుగంధర్, ఫోను వైపు చూసి ముద్దుగా నవ్వుతూ. నేను వసారాలో కూర్చుని ఎండు రొయ్యలకి తలలూ తోకలూ తీస్తున్నాను. ఆ మాట నా గురించి కాదని తెలిసినా ఒక్క క్షణం చెయ్యి ఆగింది. మా పచ్చళ్ల వెబ్‌సైటుని దానంతట అదే వేరే భాషల్లోకి మార్చేసే ఏర్పాటు ఒకటి వచ్చింది. రాజాంలో ఇంజనీరింగు చదువుతున్న మా ఆడపడుచు కూతురు శ్రావణి సెలవులకి వచ్చి పెట్టి వెళ్లింది. తెలుగు పేజీ రాస్తే చాలట, హిందీ, బెంగాలీ, తమిళం, ఒడియా, ఇంగ్లీషు అన్నీ అదే రాసుకుంటుందట. ఆ పొద్దున బెంగాలీ పేజీలో అక్షరాలకి బదులు అన్నీ గళ్లు వచ్చాయి. అందుకు ఆయన దాన్ని ఓదారుస్తున్నాడు.

నేను ఈ కళింగపట్నం కోడలిగా వచ్చిన కొత్తలో చేపల పులుసులో ఉప్పు ఎక్కువైంది. మా మావగారు పోతురాజు కంచం తోసేసి, మీ ఇచ్ఛాపురంలో ఉప్పు ఊరికే వస్తాదేటి అన్నాడు. ఈయన లేచి, చొక్కా తగిలించుకుని, హోటల్లో తిని వచ్చాడు. ఆ పులుసు నేను ఒక్కదాన్నే రెండు పూటలు తిన్నాను. నేర్చుకుంటుందిలే అని ఒక్కరంటే ఒక్కరు అనలేదు. అని ఉంటే ఎలా ఉండేదో చాలాసార్లు ఊహించుకున్నాను. ఇప్పుడు కళ్లారా చూస్తున్నాను, అదీ ఒక మిషను విషయంలో.

నిజం చెప్పాలంటే నాకు కుళ్లు పుట్టింది. మనుషుల మీద కుళ్లుకోవడం నాకు కొత్తేమీ కాదు. ఇస్త్రీ చీర కట్టుకుని పొద్దున్నే బస్సెక్కే టీచరమ్మల మీద కుళ్లుకున్నాను. మగడి చేత నీళ్లు మోయించుకునే ఎదురింటి బుల్లమ్మ మీద కుళ్లుకున్నాను. కానీ ఒళ్లూ మొహమూ లేని దాని మీద ఇంత కడుపుమంట వస్తుందని అనుకోలేదు. ఈయన సవతిని తెచ్చినా ఇంత మురిపెంగా చూసుకునేవాడు కాదేమో. పొద్దున్న లేవగానే టీ చల్లారిపోతున్నా సరే, ముందు దాన్నే తెరిచేవాడు. హిందీలో ఎంత సక్కగా రాసినాదో సూడే అనేవాడు. ఈయనకి హిందీ రాదు. తమిళం అసలే రాదు. అయినా మెచ్చుకునేవాడు. ఆ తెలుగు రాసిందెవరు? పొయ్యి మీద అన్నం ఉడుకుతుండగా, ఒక చేత్తో గరిట తిప్పుతూ, ఒక చేత్తో ఫోను పట్టుకుని టైపు చేసింది నేను. ఆయన మంచం మీద పడుకుని, రొయ్యల పచ్చడి బాగుంటాదని రాసీ అనేవాడు. అంతే ఆయన చెప్పేది. ఆ ఒక్క ముక్కని పట్టుకుని రొయ్య ఎక్కడ ఎండిందో, ఆవపిండి ఎప్పుడు కలపాలో, జాడీలో ఎన్నాళ్లుంటుందో, అన్నీ నేనే రాశాను. సక్కగా ఉన్నాదని ఆయన ఏనాడూ అనలేదు. చదివాడో లేదో కూడా తెలియదు.

ఒక్క పేజీ మాత్రం నేను రాయలేదు. 'మా గురించి' అన్న పేజీ. అది ఫొటోలు తీసిన రోజున ఆయన చెప్తుంటే శ్రావణి రాసింది. నేనప్పుడు వాళ్లకే టీ పెడుతున్నాను. 'మా అమ్మ కూర్మమ్మ స్వయంగా తన చేత్తో కలిపే పచ్చళ్లు' అని ఉంటుంది అందులో. మా అత్తకి కుడి భుజం పట్టేసి ఏళ్లయింది. అప్పటి నుంచి ఈ ఇంట్లో కలిపే ప్రతి జాడీలో ఉన్నది నా చెయ్యే. మా ఇళ్లల్లో ఒక పట్టింపు ఉంది, ఒక జాడీకి ఒక చెయ్యే. కలిపిన మనిషే తిరగవెయ్యాలి, కలిపిన మనిషే తియ్యాలి, రెండో చెయ్యి పడితే పచ్చడి బూజు పడుతుందంటారు. అందుకే జ్వరమొచ్చినా నేనే, చేతులు కారానికి మంటలెత్తి వేళ్ల సందులు పగిలినా నేనే. ఫొటో రోజున మా అత్తకి కొత్త చీర కట్టించి, నేను కలిపిన జాడీలో ఆవిడ చెయ్యి పెట్టించారు. వెలుతురు కోసం నేను తెల్ల దుప్పటి ఎత్తి పట్టుకుని నిలబడ్డాను. నువ్వు ఇంకా పక్కకి జరగవే, నీ నీడ పడతన్నాది అన్నాడు మా ఆయన. ఆ జాడీ నేను ఎవరికీ అమ్మలేదు, ఇంట్లోకే ఉంచేశాను.

ఆ 'మా గురించి' పేజీ చదివి ఊరుకున్నాను. గొడవ పెట్టుకోలేదు. నాకు ఒడియా ఉంది కదా అని ధీమా.

మా పుట్టిల్లు ఇచ్ఛాపురం పక్కన. మా వీధిలో సగం మంది ఒడియా వాళ్లు. ఐదో తరగతి దాకా నేను చదివింది ఒడియా బడిలోనే. మా సరుకు కొనేవాళ్లలో ఒడిశాలోని బరంపురం, గోపాల్‌పూర్ వైపు వాళ్లు చాలామంది. వాళ్ల ఫోను రాగానే మా ఆయన, ఇదిగో నీవోళ్లు అని నా చేతిలో పెట్టేసేవాడు. ఆ ఫోనులో నేను వేరే మనిషిని. ఈయనకి ఒక్క ముక్క అర్థం కాదు కాబట్టి, పక్కనే కూర్చున్నా లేనట్టే. మొదటిసారి బరంపురం నుంచి ఒక పెద్దావిడ, మావుసీ, అంటే పిన్నీ, అని పిలుస్తాను ఆవిడని, ఎవరు కలుపుతారమ్మా ఈ పచ్చడి అని అడిగింది. 'నేనే' అన్నాను. అనేశాక చుట్టూ చూశాను, ఎవరి సొమ్మో ఎత్తుకొచ్చినట్టు. ఆవిడ నా పేరు అడిగింది. ఒక జాడీకి ఒక చెయ్యి అన్న మా పట్టింపు కూడా చెప్పాను. అప్పటి నుంచి ఆర్డరు చెప్పే ముందు, అనితా, చెయ్యి నీదేనా అని అడిగి మరీ చెప్పేది. తెలుగులో మా అత్త చెయ్యి. ఇంగ్లీషులో మా ఆయన వ్యాపారం. ఒడియాలో మాత్రం నేనే. ఆ ఒక్క చోటు చాలనుకుని ఇన్నాళ్లూ బతికాను.

ఆ చోటులోకే అది వచ్చింది.

ఒక మధ్యాహ్నం ఆయన పడవల దగ్గరికి వెళ్లాక ఒడియా పేజీ తెరిచాను. తప్పులు పట్టుకోవడానికే తెరిచాను, దాచడమెందుకు. అది ఘోరంగా రాసి ఉండాలని, నవ్వులపాలు కావాలని, చివరికి ఈయన వచ్చి నువ్వే రాసీ అనితా అని బతిమాలాలని కోరుకున్నాను. అది ఘోరంగా రాయలేదు. అక్కడక్కడా బడి పుస్తకంలా బిగుసుకుపోయింది గానీ, మిగతాదంతా బాగానే ఉంది. ఆవపిండి గురించి నేను రాసిన మాటైతే నాకంటే అందంగా రాసింది. నాకు ఏడుపొచ్చింది. అది నేర్చుకోవడానికి కంచాలు తోయించుకోలేదు, వేళ్లు పగలగొట్టుకోలేదు. రెప్పపాటులో రాసేసింది. తరవాత 'మా గురించి' నొక్కాను. చిన్నప్పుడు పలక మీద దిద్దుకున్న ఆ గుండ్రటి అక్షరాల్లో, అమ్మ కూర్మమ్మ స్వయంగా తన చేత్తో కలిపే పచ్చళ్లు అని ఉంది. అక్షరం పొల్లు పోకుండా, నమ్మకంగా, ఉన్నదున్నట్టు రాసింది. ఉన్నదే అబద్ధమైతే అదేం చేస్తుంది.

ఆ వారంలోనే మావుసి ఫోను చేసింది. ఈసారి ఆర్డరు చెప్పలేదు. మీ పేజీ మా భాషలో వచ్చిందని మనవరాలు చదివి వినిపించిందట, మొదట సంతోషించిందట. తరవాత గొంతు మారింది. "మీ అత్త కలుపుతుందని రాశారు, ఫొటో కూడా ఉంది. మరి నువ్వు ఇన్నాళ్లూ నాకు అబద్ధం చెప్పావా అనితా?"

తరవాత మాట్లాడతానని పెట్టేశాను. జీవితంలో నేను నిజం చెప్పింది ఒక్క భాషలో. ఆ భాషలోనే అబద్ధాలకోరునైపోయాను.

ఏటంటాది ఆవిడ అని అడిగాడు మా ఆయన. చెప్పాను. నవ్వేశాడు. "మా అమ్మయితే ఏటి, నువ్వయితే ఏటి, ఒకటే ఇల్లు కాదా. అమ్మ సెయ్యి అంటే జనాలకి అదొక ఇది. కోడలి సెయ్యంటే ఎవుడు కొంటాడే? మా అత్తే కలుపుతాది, నాను పక్కన సాయం సేస్తానని ఆవిడకి సెప్పియ్." ఇప్పుడే చెప్పియ్ అని ఫోను నా ఒళ్లో పడేసి స్నానానికి వెళ్లాడు. నేను చెప్పలేదు.

రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక మా అత్త భుజానికి వేడి నూనె రాస్తాను. ఆ రోజు రాస్తున్నప్పుడు నా చేతులు కాస్త గట్టిగానే పడ్డాయి. ఆవిడ మీద కూడా కుళ్లే మరి, ఇన్ని భాషల్లో వెలిగిపోతోంది. ఏటే ఇవాళ పిసికెత్తన్నావు అంది. నీ పేరు ఎక్కడెక్కడ ఉందో తెలుసా అత్తా అని ఫోను తెరిచి ఆ పేజీ చదివాను. ఆవిడకి చదువు రాదు. ఫొటో తీశారని తెలుసు గానీ, కింద ఏం రాశారో ఎవరూ చెప్పలేదట. నాను కలిపి ఎన్నేళ్లయినాది, నన్నడిగి రాసినారా అంటుందనుకున్నాను. అనలేదు. ఫోను దగ్గరికి లాక్కుని, నా పేరు ఏదీ అంది. చూపించాను. తమిళంలో ఏదీ, ఇంగ్లీషులో ఏదీ అని ఒక్కొక్కటీ చూపించమంది. తెరని వేలితో తడిమింది.

"నా వొయసులో ఎన్ని జాడీలు కలిపినానో నీకు తెల్దు" అంది. "అన్నీ పోతురాజు పచ్చడి అనే అమ్మినారు. మీ మావ ఒక్క నాడు సెయ్యెట్టినోడు కాదు. సంతకెల్తే నన్ను పోతురాజు పెళ్లామనీవోరు. ఈ ఊర్లో సగం మందికి నా పేరే తెల్దు." తెర మీంచి వేలు తియ్యకుండానే అంది. "ఇప్పుడు కలుపుతున్నది నువ్వని నాకు తెల్దేటి. ఉన్న పేరు తీసెయ్యకే అనితా."

ఈ ఇంటికి వచ్చాక ఆవిడ నన్ను ఒకటి అడగడం అదే మొదటిసారి. ఇంతవరకూ అన్నీ పురమాయింపులే. నాకు జాలి వేసింది, దానికంటే ఎక్కువ కోపం వచ్చింది. ఆవిడ చేసినప్పుడు మావ పేరు. నేను చేసినప్పుడు ఆవిడ పేరు. ఆవిడకి చెయ్యి ఆగిపోయాక గానీ పేరు రాలేదు, నా దాకా వచ్చేసరికి మళ్లీ అదే ఆలస్యం. రేపు నా భుజం పట్టేశాక, ఇంకో పిల్ల చేతులు మండుతుంటే, నాకు కొత్త చీర కట్టించి ఫొటో తీస్తారు కాబోలు. ఆ ముసలి వేలు తెర మీద తడిమినట్టే నేనూ తడుముకోవాలి. అంతవరకూ ఆగడం నా వల్ల కాదు. ఆవిడ పేరు తీసెయ్యాల్సిన పని మాత్రం ఏముంది? ఆ పేజీలో ఇద్దరు ఆడవాళ్లకి చోటు లేదని ఎవరన్నారు? మా ఆయన అలా రాయించాడు, అంతే.

చేతుల నూనె తుడుచుకుని తెలుగు పేజీ తెరిచాను. పచ్చళ్ల గురించి ఎప్పుడూ రాసేదాన్నే కాబట్టి ఎలా మార్చాలో తెలుసు. ఆ వాక్యం చెరిపేశాను. 'ఈ పచ్చళ్లు నేర్పింది కూర్మమ్మ. కలిపేది ఆమె కోడలు అనిత' అని రాశాను. ఇన్నేళ్లుగా ఆ సైటులో ఎన్ని మాటలు టైపు చేశానో, నా పేరు టైపు చెయ్యడం అదే మొదలు. రాసింది అత్తకి చదివి వినిపించాను. నేర్పింది అన్న మాట రెండోసారి చదవమంది. చదివాను. సర్లే, నొక్కీ అంది.

నొక్కాను. అంతే, అన్నీ మారిపోయాయి. హిందీ పేజీ మారింది, బెంగాలీ మారింది, తమిళం మారింది. ఒడియాలో మా ఇద్దరి పేర్లూ పక్కపక్కన గుండ్రంగా కూర్చున్నాయి. ఎందుకు మార్చావని ఆ మిషను అడగలేదు, మీ ఆయనకి చెప్పావా అనీ అడగలేదు. దాని మీద కుళ్లు మొత్తం పోయిందని చెప్పను. ఆవపిండి గురించి అది రాసిన మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. కానీ ఈ ఇంట్లో నేను చెప్పింది చెప్పినట్టు విన్నది అదొక్కటే.

మావుసికి ఫోను చేసి, మీ మనవరాలి చేత ఇంకోసారి చదివించుకోండి అన్నాను. అవతల ఆ పిల్ల చదువుతున్న గొంతు వినిపించింది. అనిత అన్న దగ్గర మావుసి, ఆఁ, అదీ అంది.

సాయంత్రం మా ఆయన వచ్చాడు. శ్రావణి చూసి ఫోను చేసి చెప్పినట్టుంది, గుమ్మంలోనే మొదలెట్టాడు. "నన్నడక్కుండా ఎందుకు మార్చినావు? ఇంటి పరువు యాపారంలో ఉన్నాది. ముందు అది తీసీ." మా అత్త మంచం మీంచి ఏదో అనబోయింది. నేను వద్దని చెయ్యి ఊపాను. ఇది నేనే చెప్పాలి. జాడీలో కలపడానికి పెట్టుకున్న కారం పళ్లెం ఆయన ముందుకి జరిపాను.

"తియ్యను బావా. రేపొద్దున్న నువ్వు సెయ్యెట్టి కలుపు. అప్పుడు నీ పేరే రాస్తాను, అన్ని బాసల్లోనూ."